కెమెరా గడపకి ఏ పక్కన ఉంది?

తమ్ముడు ఒకడు ఒక సలహా అడిగాడు. డాలస్ దగ్గర ఒక టూ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు తెలుగు స్టూడెంట్స్, వాళ్ళ మీద ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. "వలస వెళ్ళినవాళ్ళ కథల్లో స్పేస్, అంటే వాళ్ళుండే చోటు, కూడా ఒక క్యారెక్టర్ అంటారు కదా అన్నా, అసలు తెర మీద అది ఎలా చేస్తారు, ఏ సినిమాలు చూడాలి, డౌన్‌టౌన్ మీద డ్రోన్ షాట్‌తో ఓపెన్ చేద్దామనుకుంటున్నా ఓకేనా" అని అడిగాడు.

నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పద్దెనిమిదేళ్ళు పనిచేశా, మొదట్లో అసిస్టెంట్‌గా ప్లైవుడ్ షీట్ల లెక్కలు రాసుకుంటూ, తర్వాత సొంతంగా సెట్లు వేయిస్తూ, ఇప్పుడు ఎక్కువగా సినిమా నేర్చుకునే పిల్లలకి క్లాసులు చెప్తున్నా. అందుకే నా సమాధానం కూడా గోడలు తలుపులు వైపు నుంచే వస్తుంది, స్క్రిప్ట్ వైపు నుంచి కాదు.

ముందు డ్రోన్ సంగతి. వద్దు తమ్ముడూ. నీ కథలో ఉన్న ఆరుగురిలో ఒక్కడు కూడా ఆ ఊరిని ఆకాశంలోంచి చూడడు. వాళ్ళు చూసేది బాల్కనీలోంచి పార్కింగ్ లాట్, బస్సులోంచి హైవే, పార్ట్‌టైమ్ చేసే గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనకనుంచి అద్దం తలుపు. పైనుంచి చూపించిన ఊరు ఎవరిదీ కాదు, టూరిజం వాళ్ళది. ఆ ఒక్క షాట్‌తో నీ కెమెరా ఆ పిల్లల పక్కన నిలబడటం మానేసి ఎక్కడికో వెళ్ళిపోతుంది, మళ్ళీ కిందికి దించడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఉన్నదే ఇరవై.

ఇక అసలు విషయం. స్పేస్ క్యారెక్టర్ అనే మాట నాకు పెద్దగా ఉపయోగపడలేదు, ఎందుకంటే ఆ మాట విని సెట్‌లో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. నాకు ఉపయోగపడింది మన గడప. మన ఊళ్ళలో ఇళ్ళని లెక్కపెట్టేదే గడపల్లో, మా ఊరు రెండొందల గడప అంటాం. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టేది గడపకి. కోపమొస్తే మీ గడప తొక్కను అంటాం. ఒక మనిషిని లోపలికి రానిచ్చారా, బయటే నిలబెట్టారా, అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి పంపారా, ఈ లెక్కంతా ఆ చెక్క దగ్గరే తేలిపోతుంది. వలస వెళ్ళినవాడి జీవితం మొత్తం ఆ లెక్కలోనే నడుస్తుంది. అందుకే వలస కథ ఏ దేశం సినిమాలో చూసినా నేను రెండే చూస్తా, మనిషి గడపకి ఏ పక్కన ఉన్నాడు, కెమెరా ఏ పక్కన ఉంది.

దీనికి నాకు తెలిసిన పెద్దబాలశిక్ష జర్మన్ డైరెక్టర్ ఫాస్‌బిండర్ తీసిన 'అలీ: ఫియర్ ఈట్స్ ద సోల్', 1974. మ్యూనిక్‌లో అరవై దాటిన ఎమ్మీ అనే క్లీనింగ్ పని చేసుకునే ఆవిడ, మొరాకో నుంచి వచ్చిన అలీ అనే మెకానిక్, వీళ్ళ ప్రేమ, పెళ్ళి. ఆ కాలం కొంచెం తెలియాలి. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి ఫ్యాక్టరీల్లో మనుషులు చాలక బయటి దేశాలతో ఒప్పందాలు చేసుకుని కూలీలని తెప్పించుకుంది, టర్కీతో 1961లో, మొరాకోతో 1963లో, మళ్ళీ 1973 నవంబర్‌లో చమురు సంక్షోభం టైమ్‌లో రిక్రూట్‌మెంట్ ఆపేసింది. వాళ్ళకి పెట్టిన పేరు గాస్ట్‌ఆర్బైటర్, అంటే అతిథి కార్మికుడు. అతిథి అన్నారంటే హాల్లో కూర్చోబెడతాం, వంటింట్లోకి రానివ్వం, టైమ్ అయ్యాక లేచి వెళ్ళిపోతాడని అనుకుంటాం, ఆ పేరులోనే మొత్తం ఇంటి ప్లాన్ ఉంది.

మొదటి సీన్ చూడు. బయట వాన, ఎమ్మీ ఒక బార్‌లోకి వస్తుంది, అక్కడ అంతా అరబ్ కూలీలు, జ్యూక్‌బాక్స్‌లో అరబ్బీ పాట. ఆవిడ తలుపు పక్కనే ఉన్న టేబుల్ దగ్గర కూర్చుంటుంది, మిగతావాళ్ళంతా గది అవతలి చివర కౌంటర్ దగ్గర గుంపుగా నిలబడి ఆవిడనే చూస్తుంటారు, మధ్యలో ఖాళీ నేల. చిన్న బారే, కానీ ఆ ఖాళీ చూస్తే నడవడానికి పూట పడుతుందేమో అనిపిస్తుంది. డైలాగ్ ఏమీ లేకుండానే పరాయితనం కొలత తెలిసిపోయింది. ఇంకోటి గమనించు, ఇక్కడ పరాయి మనిషి జర్మన్ ఆవిడే. ఫాస్‌బిండర్ సినిమాని ఆ తిరగేసిన గడపతో మొదలుపెట్టాడు, తర్వాత అదే దూరాన్ని అలీ మీద పెట్టినప్పుడు మనకి అది ముందే తెలిసిన నొప్పిలా తగులుతుంది. ఎమ్మీ అపార్ట్‌మెంట్ మెట్లమీద పక్కింటి ఆడవాళ్ళు జాలీల వెనకనుంచి చూస్తుంటారు, పెళ్ళయ్యాక ఇద్దరూ భోజనానికి వెళ్ళిన ఖరీదైన హోటల్లో కెమెరా పక్క గదిలో ఆగిపోయి తలుపు చట్రంలోంచి వాళ్ళని చూపిస్తుంది, ఇద్దరూ ఫోటో ఫ్రేమ్‌లో బిగించినట్టు కూర్చుని ఉంటారు. ఇంకో సీన్‌లో ఓపెన్ గార్డెన్ హోటల్లో పసుపు కుర్చీలు వరసగా ఖాళీగా ఉంటాయి, మధ్యలో వీళ్ళిద్దరే, స్టాఫ్ అంతా దూరంగా నిలబడి కదలరు, ఆర్డర్ తీసుకోవడానికి కూడా రారు. గోడలు లేని చోట కూడా గడప కట్టొచ్చని నాకు తెలిసింది ఆ సీన్‌లోనే.

నా స్టూడెంట్స్‌కి ఎప్పుడూ ఆపి చూపించేది మెట్ల సీన్. పెళ్ళి సంగతి తెలిశాక ఎమ్మీ తోటి క్లీనర్లు ఆవిడతో మాట్లాడరు, టిఫిన్ బ్రేక్‌లో మెట్లమీద వాళ్ళంతా ఒకచోట, ఈవిడ ఒక్కతే ఒకచోట, కెమెరా మెట్ల చువ్వల అవతల ఉంటుంది కాబట్టి ఆవిడ జైల్లో కూర్చున్నట్టు ఉంటుంది. కొంతసేపటి తర్వాత కథలో గాలి మారుతుంది, అందరికీ ఎమ్మీతో అవసరాలు వస్తాయి, పక్కింటావిడకి కింద సెల్లార్‌లో సామాను పెట్టుకోవడానికి చోటు కావాలి, కొడుక్కి పిల్లని చూసుకునే మనిషి కావాలి, కొట్టు వాడికి బేరం కావాలి. ఎమ్మీ మళ్ళీ గుంపులోకి వస్తుంది. అప్పుడు అదే మెట్లమీద అదే చువ్వల వెనక అప్పటి యుగోస్లావియాలోని హెర్జెగొవీనా నుంచి కొత్తగా వచ్చిన క్లీనర్ యోలాండా ఒక్కతే కూర్చుని ఉంటుంది, దూరంగా కూర్చున్న వాళ్ళలో ఇప్పుడు ఎమ్మీ కూడా ఉంది. చోటు మారలేదు, మనిషి మారింది. ఇంత క్రూరమైన నిజాన్ని లొకేషన్ రిపీట్ చేసి చెప్పాడు, ఖర్చు కూడా పెరగలేదు. షార్ట్ ఫిల్మ్ తీసేవాడికి ఇంతకంటే పెద్ద పాఠం లేదు: కొత్త లొకేషన్లు వెతకొద్దు, ఒకే లొకేషన్‌కి రెండోసారి వెళ్ళు.

రెండోది సెనెగల్ డైరెక్టర్ ఊస్మాన్ సెంబెన్ తీసిన 'బ్లాక్ గర్ల్', 1966, గంట సినిమా, బ్లాక్ అండ్ వైట్. డియువానా అనే సెనెగల్ అమ్మాయి, డకార్‌లో ఒక ఫ్రెంచ్ కుటుంబం పిల్లల్ని చూసుకునేది, ఫ్రాన్స్ రమ్మంటే సంబరంగా ఓడెక్కి వస్తుంది. సముద్రం ఒడ్డున ఆంటీబ్ అనే ఊళ్ళో వాళ్ళ ఫ్లాట్. వచ్చాక చూస్తే పిల్లలు లేరు, ఉన్నది వంట, అంట్లు, గదులు తుడవడం. ఫ్రాన్స్ అంటే నాకు వంటిల్లు, హాలు, బాత్రూమ్, నా పడకగదేనా అని తనలో తను అనుకుంటుంది. డకార్‌లో తీసిన సీన్లలో ఆమె నడుస్తూనే ఉంటుంది, వీధులు, మనుషులు, గాలి. ఆంటీబ్‌లో గోడలు తెల్లగా, సామాను తక్కువగా, ఆ తెల్లదనంలో ఆమె ఒక్కతే నల్లగా. ఒక మాస్క్ కూడా ఉంటుంది, ఆమె యజమానురాలికి కానుకగా ఇచ్చింది, డకార్ ఇంట్లో వేరే మాస్కుల మధ్య ఉన్నది ఆంటీబ్‌లో ఖాళీ తెల్లగోడ మీద ఒంటరిగా వేలాడుతుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఒక ప్రాపర్టీని, అంటే సెట్‌లో పెట్టే వస్తువుని, ఒక గోడ మీదనుంచి ఇంకో గోడ మీదకి మార్చి మనిషి పరిస్థితి మొత్తం చెప్పడం నేను ఎన్ని సెట్లు వేసినా చెయ్యలేకపోయా.

ఈ సినిమా నేను మొదటిసారి చూసినప్పుడు మధ్యలో లేచి బయటికి వచ్చేశా, మా పిన్ని గుర్తొచ్చి. రాజంపేట వైపు, రాయచోటి వైపు, అటు గోదావరి జిల్లాల్లో కూడా కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు లేని వీధి ఉండదు. మా పిన్ని తొమ్మిదేళ్ళు చేసింది. తిరిగొచ్చాక కువైట్ ఎలా ఉంటుంది పిన్నీ అని అడిగితే ఆమె చెప్పింది వంటగది గట్టు ఎంత పొడుగో, ఇస్త్రీ చేసే గదిలో స్విచ్ ఎటు ఉండేదో, ఏ టైల్ మీద నీళ్ళు పడితే కాలు జారేదో. చేత్తో గాలిలో గీసి మరీ చూపించింది. సముద్రం చూశావా అంటే లేదంది. కువైట్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. వాళ్ళింటి మేడమీద బట్టలు ఆరేసేటప్పుడు గాలికి ఉప్పు వాసన వచ్చేదట, అంతే. ఆమె తొమ్మిదేళ్ళు ఒక దేశంలో ఉండలేదు, ఒక వంటగదిలో ఉంది. అలాంటి ఇంటి ప్లాన్‌ని మన సినిమావాళ్ళు తెర మీద గీసింది చాలా తక్కువ, ఇది నాకు నిజంగా బాధ.

ఇప్పుడు దీనికి పూర్తి ఎదురుగా ఉండేది 'లా ఎన్', మన దగ్గర లా హైన్ అని కూడా అంటారు, ఫ్రెంచ్ డైరెక్టర్ మాథ్యూ కాసోవిట్జ్ తీసింది, 1995. పారిస్ బయట వలస కుటుంబాల పిల్లలు పెరిగే సర్కారీ కాలనీ, ముగ్గురు కుర్రాళ్ళు, ఒక రోజు. నిజమైన కాలనీలోనే తీశారు, షాంతెలూ లే వీన్ అనే ఊళ్ళో. ఇక్కడ తెలివంతా లెన్స్‌లో ఉంది, కాలనీలో వైడ్ లెన్స్‌తో, అంటే ఎక్కువ వెడల్పు చూపించే లెన్స్‌తో, కుర్రాళ్ళూ వెనక బిల్డింగులూ అంతా క్లియర్‌గా కనిపిస్తాయి, వాళ్ళు ఆ నేలకి అతుక్కుని ఉన్నారు. ట్రైన్‌లో పారిస్‌కి వచ్చిన క్షణం ఒక షాట్ ఉంటుంది, ముగ్గురూ అక్కడే ఉంటారు, వెనక ఊరు మాత్రం వాళ్ళమీదకి జరుగుతున్నట్టు కదిలి మసకైపోతుంది. ఆ తర్వాత పారిస్‌లో లాంగ్ లెన్స్, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరకి లాగి వెనకది మసక చేసే లెన్స్, మనుషులకీ ఊరికీ లంకె తెగిపోతుంది. చివరి ట్రైన్ తప్పిపోయి రాత్రంతా సొంత దేశ రాజధానిలో పోవడానికి చోటు లేక తిరుగుతారు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది టీవీవాళ్ళ సీన్. రిపోర్టర్లు కారులో వస్తారు, కుర్రాళ్ళు కింద పల్లంలో కూర్చుని ఉంటారు, పైనుంచి కారు దిగకుండానే ప్రశ్నలు వేస్తారు. దిగరేం, ఇదేమన్నా జంతువుల సఫారీ పార్కా అని కుర్రాళ్ళు తిడతారు. నేను మొదట్లో కెమెరా ఏ పక్కన ఉంది అన్నా కదా, ఆ ప్రశ్న ఈ సినిమాలో కుర్రాళ్ళే అడిగేశారు. నీ డ్రోన్ కూడా ఆ కారే తమ్ముడూ.

అమెరికా వైపు వస్తే మీరా నాయర్ సినిమాలు రెండూ చూడు. 'మిసిసిపీ మసాలా'లో 1972లో ఉగాండా నియంత ఇడీ అమీన్ ఆ దేశం నుంచి వెళ్ళగొట్టిన భారతీయ కుటుంబం మిసిసిపీలో ఒక మోటెల్‌లో ఉంటుంది, వేరేవాళ్ళకి ఒక రాత్రి మజిలీ అయిన చోటు వీళ్ళకి ఇల్లు. 'ద నేమ్‌సేక్'లో పెళ్ళిచూపుల రోజు కలకత్తాలో ఆషిమా గదిలోకి వెళ్ళేముందు తలుపు బయట వదిలిన అబ్బాయి బూట్లు చూస్తుంది, అమెరికా బూట్లు, మెల్లగా కాళ్ళు పెట్టి చూసుకుంటుంది. వలస అనేది విమానంలో మొదలవ్వలేదు, గడప బయట ఆ బూట్లలో మొదలైంది. ఒకే ఇన్సర్ట్ షాట్, అంటే ఒక వస్తువుని దగ్గరగా చూపించే షాట్.

'మినారి' 2020లో వచ్చింది, నీ బడ్జెట్‌కి దగ్గరగా ఆలోచించడానికి అదే మంచిది. 1980ల్లో ఆర్కన్సాలో పొలం కొనుక్కున్న కొరియన్ కుటుంబం, వాళ్ళ ఇల్లు చక్రాల మీద ఉన్న ట్రైలర్. మొదటిరోజు వచ్చి చూస్తే తలుపు మనిషి నడుమెత్తులో ఉంది, ఎక్కడానికి మెట్టు లేదు. మొగుడు ముందు ఎక్కి పెళ్ళానికి చెయ్యిస్తాడు, ఆవిడ మొహంలో ఏం జరుగుతుందో చూడు. గడప దాటడం కాదు, గడప పాకడం. చివర్లో అగ్గి పడి పంటంతా పోయాక నలుగురూ అమ్మమ్మ చూస్తుండగా హాల్లో నేలమీద ఒకే వరసలో పడుకుంటారు, అంతవరకూ గదుల్లో విడివిడిగా ఉన్నవాళ్ళు. నాకు అది చాలా తెలుగు షాట్ అనిపించింది, చావు జరిగిన ఇంట్లో మనవాళ్ళు అలాగే హాల్లో పడుకుంటారు.

మన సినిమాల గురించి కూడా చెప్పాలి. జంధ్యాల గారు 1987లోనే 'పడమటి సంధ్యారాగం' చాలావరకు అమెరికాలోనే తీసి అక్కడి తెలుగింటి గొడవని కథ చేశారు. ఆ దారిలో తర్వాత ఎక్కువమంది నడవలేదు, చాలా ఏళ్ళు మనకి అమెరికా అంటే పాట. ఇల్లు చూపించాల్సి వస్తే హైదరాబాద్ విల్లాలో తీసి న్యూజెర్సీ అనేవాళ్ళం, నేను కూడా ఒకసారి అలాంటి ఇల్లు రెడీ చేశా. కిటికీకి గ్రిల్, భుజం ఎత్తులో స్విచ్‌బోర్డు, తలుపుకి గడియ, నెత్తిమీద ఫ్యాన్, గచ్చు నేల. ఆ గ్రిల్ ఊడదీయించి, స్విచ్‌బోర్డు మీద ఫోటో ఫ్రేమ్ పెట్టి కప్పాం. కానీ వెలుతురు మాత్రం మార్చలేకపోయాం. అక్కడి పాత అపార్ట్‌మెంట్లలో చాలా బెడ్‌రూముల్లో సీలింగ్ లైటే ఉండదు, మూలన నిలబెట్టిన ల్యాంప్ ఒకటి కొనుక్కోవాలి, వెలుతురు పక్కనుంచి వస్తుంది, సగం మొహం చీకట్లో ఉంటుంది. మన పిల్లలు పుట్టినప్పటినుంచి నెత్తిమీద ట్యూబ్‌లైట్ కింద పెరిగినవాళ్ళు. మొదటిరాత్రి అక్కడ గదిలో వాళ్ళకి ఏదో దిగులుగా ఉంటుంది, ఎందుకో తెలియదు, అందులో సగం ఈ లైటే. నీ సినిమాలో ట్యూబ్‌లైట్ లాంటి ఫ్లాట్ లైటింగ్ చేసేస్తే ఆ దిగులు పోతుంది.

ఇప్పుడు నీ అపార్ట్‌మెంట్. మా బావమరిది చదువుకునే రోజుల్లో అలాంటిదాంట్లోనే ఉన్నాడు, నేను వెళ్ళి నెలన్నర ఉన్నా, టేప్ పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో గీసుకున్నా కూడా. అక్కడ గడప లేదు, రేకు పట్టీ ఒకటి, దాని అవతలే కార్పెట్. అలవాటు కొద్దీ చెప్పులు బయట వదిలితే లీజింగ్ ఆఫీసు వాళ్ళు కారిడార్ ఖాళీగా ఉంచాలని తలుపుకి నోటీసు అంటించారు. దాంతో చెప్పులు లోపలికొచ్చాయి, తలుపు పక్కన కార్పెట్ మీద న్యూస్‌పేపర్ పరిచి దానిమీద పన్నెండు జతలు. ఆ పేపరే వాళ్ళ గడప. దాన్ని దాటి బూట్లతో ఎవడైనా లోపలికి వస్తే అయిదుగురూ ఒకేసారి అరిచేవాళ్ళు. పోపు వేస్తే స్మోక్ డిటెక్టర్ మోగేది, అందుకని ఒకడు గరిటె పట్టుకుంటే ఇంకొకడు స్టూల్ ఎక్కి డిటెక్టర్ కింద తువ్వాలు ఊపేవాడు, వంతులు వేసుకున్నారు దానికి. బిల్డింగ్ చెక్కది, పైవాళ్ళ అడుగులన్నీ వినిపిస్తాయి, స్లాబ్ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి మొదట్లో నిద్ర పట్టదు. సౌండ్ కూడా స్పేసే, అది రికార్డ్ చేసుకో.

ఆరుగురిలో నీ హీరో ఎవరో రాయలేదు. నన్నడిగితే హాల్లో పడుకునేవాణ్ణి తీసుకో. రెంట్ తక్కువ కడతాడు కాబట్టి వాడికి గది లేదు, తలుపు లేదు. మిగతావాళ్ళు టీవీ కట్టేస్తేగానీ వాడికి రాత్రి అవ్వదు. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే బట్టల క్లోజెట్‌లోకి దూరి తలుపేసుకుంటాడు, వేలాడే చొక్కాల మధ్య కూర్చుని "ఆ అమ్మా, పెద్ద ఇల్లే, బాగుంది" అంటాడు. మా బావమరిది రూమ్‌మేట్ ఒకబ్బాయి అచ్చం ఇలాగే చేసేవాడు. ఆ క్లోజెట్‌ని రెండుసార్లు చూపించు, రెండోసారి వేరేవాడు లోపల ఉండాలి, హీరో బయట వెయిట్ చేస్తుండాలి.

కమ్యూనిటీ మొత్తాన్ని ఒక సీన్‌లో చూపించాలనుకుంటే గుడి గోపురం ఎస్టాబ్లిషింగ్ షాట్, అంటే ఇది ఫలానా చోటు అని ముందే చూపించే షాట్, వద్దు. ఉగాదికో బతుకమ్మకో గంటల లెక్కన అద్దెకి తీసుకున్న స్కూల్ జిమ్ ఉంటుంది చూడు, స్టేజ్ మీద అమ్మవారి పటం, దానిపైన బాస్కెట్‌బాల్ రింగ్. డెకరేషన్ చేసేవాళ్ళు పూలతో ఆ రింగ్ కప్పేస్తారు. నువ్వు కప్పొద్దు. తొమ్మిదింటికి ఖాళీ చెయ్యాలి కాబట్టి ఎనిమిదిన్నరకే కుర్చీలు మడతపెట్టే చప్పుడు మొదలవుతుంది, పట్టుచీరల్లో ఆడవాళ్ళు కూడా కుర్చీలు మోస్తారు, ఆ అరగంట తీయి చాలు.

టెక్నికల్‌గా ఒక్కటి గట్టిగా చెప్తా. ఖర్చు తగ్గుతుందని హైదరాబాద్‌లో సెట్ వేస్తే, మేస్త్రీ నిన్ను ఏ గోడ ఊడిరావాలి అని అడుగుతాడు, కెమెరా వెనక్కి జరగడానికి సెట్‌లో ఒక గోడ తీసేసేలా కట్టడం మాకు అలవాటు. ఏదీ వద్దని చెప్పు. గోడ తీసి వెనక్కి వెళ్ళిన కెమెరాకి గది పెద్దదైపోతుంది, ఆరుగురు హాయిగా పట్టేస్తారు, చూసేవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా ఇరుకు తగలదు. అలాగే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎంఎం లెన్స్ కంటే వైడ్ వెళ్ళకు, గది సాగిపోతుంది. 35 ఎంఎం లెన్స్ పెట్టి కారిడార్‌లో నిలబడి తలుపు చట్రంలోంచి తీయి, ఫ్రేమ్‌లో ముగ్గురే పట్టి మిగతా ముగ్గురూ గొంతులుగా వినిపిస్తే ఇంకా మంచిది.

లొకేషన్ ఫైనల్ అయ్యాక మెయిన్ డోర్ ఫోటోలు రెండు పెట్టు, ఒకటి బయటనుంచి లోపలికి, ఒకటి లోపలనుంచి బయటికి, రెండూ నీ కంటి ఎత్తులోనే, చెప్పులు సర్దకుండా ఎక్కడ ఉంటే అక్కడే ఉంచి. అవి చూశాక షాట్ డివిజన్, అంటే సీన్‌ని ఏ ఏ షాట్లుగా విడగొట్టాలో, కూర్చుని మాట్లాడదాం.